స్వాముల తొక్కులో వెల్లుల్లి

పెనం మీద పచ్చిమిర్చి చిటపటలాడుతోంది. ఆ ఘాటుకు ఇల్లంతా దగ్గు. మా అమ్మాయి ఫోను చూసుకుంటూ పచ్చి టమాటాలు కాలుస్తోంది. "గ్రీన్ సల్సా అమ్మా, నీకు తెల్వదు" అంది. తెలియకేం! పేరే కొత్త. కొమురక్క దంచే పచ్చి టమాట తొక్కుకు, అదే రోటి పచ్చడికి, అది దూరపు చుట్టం.

కొమురక్క నాకేమీ కాదు. హనుమకొండలో ఒక సందులో మెస్ నడిపేది. నేను స్టేషన్ ఘన్‌పూర్ నుంచి పొద్దున రైల్లో వచ్చి మధ్యాహ్నం దాకా ఆమె దగ్గర పని చేసేదాన్ని, తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు క్లాసులు. ఆ పని పోతే చదువూ పోయేది. ఆమెకు పొగడటం చేతకాదు. మొదటి రోజు మిర్చి చీల్చకుండా అలాగే నూనెలో వేస్తే పేలి చెయ్యి కాలింది. "జర గాటు పెట్టి వెయ్యాలె పిల్లా. మొఖం మీద పేల్తే మీ అవ్వకు నేనేం జవాబు చెప్పాలె?" అంది. టమాటాలు చివర్లో వేసి కచ్చాపచ్చాగా దంచాలి. ఒకసారి మెత్తగా నూరేశాను. "ఇది తొక్కా, చంటిపిల్లకు పెట్టే ఉగ్గా?" అని అందరి ముందే అడిగింది. ఆ రోజు నాకు ఆమె మీద ఒళ్లు మండింది.

కార్తీకంలో మాల వేసుకున్న అయ్యప్ప స్వాములు పదిమంది ఆమె దగ్గరే భిక్ష చేసేవారు. వాళ్లకు వేరే పొయ్యి, వేరే గిన్నెలు, వేరే రోలు. ఉల్లి, వెల్లుల్లి ఆ వైపు పోకూడదు. ఒకరోజు తొందరలో, చేతి అలవాటు కొద్దీ, మామూలు తొక్కు కోసం ఒలిచిన వెల్లుల్లి రెబ్బలు స్వాముల రోట్లో వేసి దంచేశాను. విస్తర్లలో వడ్డించాక చూస్తే వెల్లుల్లి గిన్నె ఖాళీగా ఉంది. కొమురక్కను పక్కకు పిలిచి చెప్పాను.

"ఎవలకు తెలుస్తదక్కా? వాసన గూడ రాలే" అన్నాను. అంత మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

"మనకు తెలిసింది గద. వాళ్ల దీక్ష మనం చెడగొడ్తమా?" అంది. చెయ్యి కొంగుకు తుడుచుకుని నేరుగా పంక్తి దగ్గరికి వెళ్లింది. "స్వామీ, చేతులు ఆపుండ్రి. తొక్కుల ఎల్లిగడ్డ పడ్డది. తప్పు నాది."

అప్పటికే ఒక పెద్దాయన ముద్ద మింగారు. ఆయన లేచి నోరు కడుక్కున్నారు. మిగతావాళ్లూ లేచారు. వాళ్ల గురుస్వామి "గింత నిర్లక్ష్యమా అమ్మా?" అన్నారు. ఆమె చేతులు జోడించి నిలబడింది. ఆ నలభై ఒక్క రోజుల మండల దీక్ష అయ్యేదాకా వాళ్లు మళ్లీ రాలేదు. ఆ మరుసటి ఏడూ రాలేదు.

వెల్లుల్లి పడిన మర్నాడు పని పోయిందనుకుంటూనే వెళ్లాను. కొమురక్క మిర్చి బుట్ట నా ముందుకు తోసి, "ఏం చూస్తానవ్? తొడిమెలు తియ్యి" అంది. మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. చదువు పూర్తయింది. నేను ఉద్యోగంలో చేరిన కొన్నేళ్లకు ఆమె పోయిందని తెలిసింది.

పోయిన నెల మా ల్యాబ్‌లో నా కింద పనిచేసే ఆమె ఇద్దరి రక్తం సీసాల మీద చీటీలు మార్చి అంటించింది. రిపోర్టులు వెళ్లిపోయాయి. మరిపెడ నుంచి వచ్చిన ఒకాయనకు లేని షుగర్ ఉందని రాసి పంపాం. ఆమె ఏడుస్తూ నిలబడింది. నేనే ఇద్దరికీ ఫోను చేశాను. మరిపెడ ఆయనతో, "రిపోర్ట్ తప్పండి, మందులు మొదలుపెట్టకండి. మళ్లీ పరీక్ష చేస్తాం. తప్పు నాది" అన్నాను. ఆయన చాలాసేపు తిట్టారు. ఫోను పెట్టెయ్యకుండా అంతా విన్నాను. స్వాముల ముందు చేతులు జోడించిన రోజు కొమురక్క ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. నేను ఆమె వీపు వెనక దాక్కుని ఉన్నాను.