తల్లి సంతకం చాలదన్నవాణ్ణి

ఈ రోజు పొద్దున నేనొక అబద్ధం రాసి కింద సంతకం పెట్టాను. మనవరాలు ఖోఖో పోటీలకు బెంగళూరు వెళ్ళాలి, పంపడానికి అభ్యంతరం లేదని ఇంటి నుంచి ఉత్తరం తెమ్మన్నారు బడివాళ్ళు. భర్త నుంచి విడిపోయి తిరుపతిలో మా దగ్గరే ఉంటున్న మా అమ్మాయి ఆ ఉత్తరం రాసి, బడిలో ఇచ్చి రమ్మని నాకు అప్పగించి ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళింది. ఒక్క తల్లి సంతకమే కనిపిస్తే నలుగురూ ఏమనుకుంటారోనని నేను దాన్ని చింపేసి, పిల్ల తల్లిదండ్రులు ఊళ్ళో లేరనీ, సంరక్షకుణ్ణి నేనేననీ వేరే కాగితం రాసి ఇచ్చి వచ్చాను.

మధ్యాహ్నం బడి నుంచి అమ్మాయికి ఫోను వెళ్ళింది. తాతే సంరక్షకుడని రుజువు చూపాలనీ, లేకపోతే సాయంత్రం నాలుగింటికి పంపే జాబితాలో పిల్ల పేరు ఉండదనీ చెప్పారట. అమ్మాయి డ్యూటీ మధ్యలోనే స్కూటరు మీద వచ్చి నా ఎదుట నిలబడింది.

"నేను సచ్చిపోయినానా నాయనా? ఈడే ఉండేదాన్ని లేనని రాసేదానికి నీకు చేతులెట్లా వచ్చినాయి?"

తప్పు నాదైనా గొంతు పెంచింది నేనే. వంటింట్లోంచి నా భార్య, "మీ నాయన సంతకం లేకుంటే ఈ ఇంట్లో పొద్దు కూడా పొడవదు లేమ్మా" అంది. అమ్మాయి నవ్వలేదు. "పూతలపట్టులో నన్ను బస్సు దించినావే, ఆ పొద్దుటికీ ఈ పొద్దుటికీ నువ్వేం మారలా" అంది.

నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మన రోజుల్లో ఏ కాగితానికైనా తండ్రే కావాలి. ఐరాలలో సేద్యం చేసే మా నాయనకు అక్షరం రాదు, అమ్మ ఐదు వరకు చదివింది. అయినా నా బడి కాగితాలు అమ్మ చదివి వినిపిస్తే నాయన వేలిముద్ర వేసేవాడు, అది మాకెవరికీ వింతగా తోచలేదు. అలా పెరిగినవాణ్ణి కాబట్టే అలా చేశానని చెప్పుకుంటే తేలికగానే ఉంటుంది కానీ, అది నిజం కాదు.

నేను చిత్తూరులో గుమాస్తాగా ఉంటూ పూతలపట్టులో కాపురమున్న రోజుల్లో, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయిని బడివాళ్ళు విహారయాత్రకు తీసుకెళ్తామన్నారు. ఆఫీసు పని మీద నాలుగు రోజులు నేను ఊళ్ళో లేకపోవడంతో నా భార్యే సంతకం పెట్టి పంపింది. సరిగ్గా యాత్రకు బయల్దేరే ఉదయమే తిరిగొచ్చిన నేను, కూడలిలో ఆగి ఉన్న బస్సెక్కి, నన్నడక్కుండా ఎలా ఎక్కించుకున్నారని పంతులుగారి మీద అరిచి, కిటికీ పక్కన కూర్చున్న పిల్లను అందరి ముందూ దించేశాను. ఒళ్ళో పెట్టుకున్న పులిహోర పొట్లం పట్టుకుని పిల్ల దిగింది. బస్సు కదిలాక కూడా అటే చూస్తూ నిలబడింది. పిల్లకేమైనా అవుతుందన్న భయం నాకు రవ్వంత కూడా లేదు. నన్ను అడగలేదు, అంతే నా బాధ. ఆనాటి ఆ మనిషి ఇప్పుడు నాకు ఎదురుపడితే చొక్కా పట్టుకుని నిలదీస్తాను. పడడు కదా, నా చొక్కాలోనే ఉన్నాడు.

మూడున్నరకు అమ్మాయి మళ్ళీ రాసిన ఉత్తరంతో ఇద్దరం బడికి వెళ్ళాం. అక్కడ కూర్చున్న తల్లులూ తండ్రులూ వింటుండగానే, పొద్దున రాసిచ్చింది అబద్ధమనీ, పిల్ల తల్లి ఈమేననీ టీచరమ్మకు చెప్పాను. "తల్లి సంతకం చాలు సార్, పొద్దున్నే అడిగుంటే నేనే చెప్పేదాన్ని కదా" అని ఆమె పిల్ల పేరు జాబితాలో ఎక్కించింది. నేను ఎవరికి భయపడి చింపానో ఆ నలుగురిలో ఒక్కరూ తలెత్తి చూడలేదు. లోకం ఎప్పుడు మారిందో నాకెవరూ చెప్పలేదని కాదు, నేను ఎవరినీ అడగలేదు.

బయటికొచ్చాక, ఇన్నేళ్ళూ నోరు పెగలని మాట అన్నాను. ఆ రోజు నిన్ను బస్సు దించడం తప్పమ్మా, మీ అమ్మనూ అవమానించాను, ఇంటికెళ్ళి ఆమెకూ చెప్తాను అన్నాను. అమ్మాయి తాళం తిప్పి బండి స్టార్టు చేసింది.

"చెప్పు, అమ్మకి చెప్పు" అంది. "బిన్నా ఎక్కు నాయనా, ఆలస్యమైపోతా ఉండాది, నేను డ్యూటీకి పోవాల."