మా కబడ్డీ ఫైనల్, మస్తాన్ గారి క్యాసెట్టు

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి టీవీలో ఒక భారీ మనిషి జేబులోంచి ఎర్రగుడ్డ తీసి పచ్చగడ్డి మీదికి విసిరికొట్టాడు. మా అబ్బాయి సోఫాలో ముడుచుకుని కూర్చుని అమెరికన్ ఫుట్‌బాల్ చూస్తున్నాడు. ఎప్పుడో ఒకసారి తప్ప బంతిని కాలితో తన్నని ఆ ఆటకి ఆ పేరెవరు పెట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"ఎందుకురా ఆయనకంత కోపం?" అన్నాను.

"కోపం కాదమ్మా, ఛాలెంజ్. రిఫరీ చెప్పింది తప్పనిపిస్తే కోచ్ ఆ గుడ్డ వెయ్యాలి, అదీ తర్వాతి ఆట మొదలయ్యేలోపే. అప్పుడు వీడియో మళ్ళీ వేసి చూస్తారు. తప్పని స్పష్టంగా కనబడితేనే మారుస్తారు, లేకపోతే చెప్పిందే ఖాయం. పైగా వీళ్ళ టైమవుట్ ఒకటి పోతుంది. అసలు టైమవుట్ మిగలకపోతే గుడ్డ వెయ్యడానికే లేదు."

నాకు నవ్వాగలేదు. ఈ రూలంతా నాకు తొమ్మిదో తరగతిలోనే తెలుసు మరి.

చల్లపల్లికి నాలుగు మైళ్ళ దూరంలో మా ఊరు. నాన్న చల్లపల్లి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు, నేనూ అక్కడే చదివేదాన్ని. కార్తీకం వెళ్ళి కోతలు మొదలయ్యే రోజుల్లో, కాలవగట్టు మీద కాల్చిన తేగలు అమ్మే ముసలమ్మ పొగ ఒకపక్క, తడి ఆరని వరిపనల వాసన ఇంకోపక్క కలిసి స్కూలు గ్రౌండు దాకా వచ్చేవి, మేమేమో ఉప్పూకారం అద్దిన రేగుపళ్ళు లంగా కుచ్చిళ్ళలో దాచుకుని, గింజలు ఎవరూ చూడకుండా ఊస్తూ, ప్రార్థనకి నిలబడేవాళ్ళం. నాన్న మాత్రం అరిగిపోయిన కాన్వాసు బూట్లకి రాత్రే సుద్ద పట్టించుకుని, మెళ్ళో విజిలు, ముక్కు మీద లావుపాటి కళ్ళద్దాలతో, మంచులోంచి నడుచుకుంటూ వచ్చేవాడు. ఆయన అడుగుల చప్పుడు వింటే ఆఖరి వరసలో వాళ్ళు కూడా గింజలు మింగేసేవాళ్ళు.

ఆ రోజుల్లో ఒక రైసుమిల్లు ఆసామి చుట్టుపక్కల స్కూళ్ళ ఆడపిల్లలకి కబడ్డీ పోటీలు పెట్టించేవారు. కప్పుతో పాటు పులిహోర పొట్లాలు, గోలీసోడాలు, గెలిచినవాళ్ళకి బందరు లడ్డూలు కూడా ఉండేవి. ముందటేడు ఫైనల్లో ఒకమ్మాయి అవుటా కాదా అని రెండు ఊళ్ళవాళ్ళూ జుట్టూజుట్టూ పట్టుకున్నంత పని చేశారు. అందుకని ఈసారి ఆ ఆసామి విజయవాడ నుంచి పెళ్ళి వీడియోలు తీసే మస్తాన్ గారిని పిలిపించి, ఒక పద్ధతి పెట్టారు. ఒక్కో జట్టు ఒక్కసారి మాత్రం క్యాసెట్టు చూపించమని అడగొచ్చు. అడగాలంటే తర్వాతి కూత మొదలయ్యేలోపు కెప్టెన్ తన జేబురుమాలు కోర్టులో వెయ్యాలి. క్యాసెట్టులో స్పష్టంగా కనబడకపోతే రిఫరీ మాటే నెగ్గుతుంది, ఆ జట్టుకి రావలసిన విరామం పోతుంది. విరామం ముందే వాడేసుకుంటే రుమాలు వేసే హక్కే లేదు.

ఫైనల్ మా స్కూలు గ్రౌండులోనే. రావలసిన రిఫరీకి జ్వరం. నాన్నని నిలబడమన్నారు. "మా అమ్మాయి ఆడుతోందండీ, బాగోదు," అన్నాడాయన. అవతలి స్కూలు శకుంతలా మేడమ్ నవ్వి, "మీరైతే మాకు బెంగే లేదు మాస్టారూ. అన్యాయం జరిగితే మీ అమ్మాయికే జరుగుద్ది," అంది.

అందరూ నవ్వారుగానీ నేను నవ్వలేదు, ఎందుకంటే అది నిజం. పరుగుపందెంలో నేనూ ఇంకో అమ్మాయీ ఒక్కసారే తాడు తాకితే ఆయన చెయ్యి ఆ అమ్మాయి వైపే లేచేది. ఆలస్యంగా వచ్చినందుకు అందరికీ ఒక రౌండైతే నాకు రెండు. ఆరోజు పొద్దున కూడా సైకిలు దిగగానే, "గ్రౌండులో నాన్నా అని పిలవకు బుజ్జీ. సార్ అను," అన్నాడు. అలాగే సార్ అన్నాను, ఒళ్ళు మండి.

ఆట ఆఖరి నిమిషానికి వచ్చేసరికి మేము ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. నేను కూతకి వెళ్ళాను. ఒకమ్మాయి చీలమండ దొరకబుచ్చుకుంది, ఇంకో ఇద్దరు మీద పడ్డారు. దుమ్ము లేచింది. నోట్లో మట్టి, చెవిలో ఎవరిదో మోచెయ్యి, అయినా కూత వదలకుండా పాక్కుంటూ చెయ్యి చాపాను. మధ్యగీత సున్నం నా వేళ్ళకి తగిలింది, చల్లగా. ముగ్గురూ అవుట్, మేము గెలిచాం అనుకుని తలెత్తాను. నాన్న విజిల్ ఊది నావైపు వేలు చూపించాడు.

"అవుట్."

ఆయన నాకు మూడు గజాల దూరంలో ఉన్నాడు. చూడకుండా ఎలా ఉంటాడు? చూశాడు, కూతుర్ని గెలిపించుకున్నాడని ఎవరైనా అంటారేమోనని నన్ను అవుట్ చేశాడు అనుకున్నాను. కప్పు పోతోందని కాదు నా ఏడుపు. పరుగుపందేలూ రెండో రౌండ్లూ కోపం తెప్పించాయే గానీ, మా నాన్న తన మంచి పేరు కోసం తెలిసి తెలిసి అబద్ధం చెబుతాడని అంతవరకూ నాకెప్పుడూ అనిపించలేదు.

మా కెప్టెన్ ఝాన్సీ విరామం దాచుకుని ఉంది. పరుగెత్తుకొచ్చి రుమాలు కోర్టు మధ్యలో పడేసింది.

హెడ్మాస్టారి గదిలోంచి టీవీని బల్లతో సహా నలుగురు మోసుకొచ్చి వేపచెట్టు నీడలో పెట్టారు. మస్తాన్ గారు కెమెరాకి వైరు తగిలించి క్యాసెట్టు వెనక్కి తిప్పితే, మరీ ఎక్కువ తిరిగి, అంతకుముందు అందులో ఉన్న ఎవరిదో పెళ్ళిభోజనాలు వచ్చాయి. అప్పడం నములుతున్న ఒక పెద్దాయన్ని చూసి జనమంతా ఈలలు. ఆ తర్వాత మా ఆట. నేను కూతకి వెళ్ళాను, కాలు దొరికింది, పడ్డాను, చెయ్యి చాపబోతున్నాను... సరిగ్గా అక్కడ కెమెరా గిర్రున తిరిగి మా నాన్న ముఖం మీద ఆగింది!

"ఏంటండీ ఇది మస్తాన్ గారూ?" అని ఆసామి నెత్తి కొట్టుకున్నారు.

"అలవాటండీ," అన్నారాయన, పాపం చెమటలు పట్టి. "తాళి కట్టే టైముకి పెళ్ళికూతురి నాన్న మొహం తియ్యాలి కదండీ. పాప మాస్టారి కూతురని చెప్పారు గదాని, చెయ్యి దానంతటదే తిరిగిపోయిందండీ."

జనం పగలబడి నవ్వారు. నేను మాత్రం టీవీ వైపే చూస్తున్నాను. అందులో మా నాన్న కళ్ళద్దాలు లేకుండా ఉన్నాడు. దుమ్ము పడిన అద్దాల మీద ఉఫ్ అని ఊది, చొక్కా అంచుతో తుడుస్తున్నాడు, కళ్ళు చికిలించుకుని. అరుపులు పెద్దవయ్యాక గబగబా పెట్టుకుని, కిందకి చూసి, విజిలు నోట్లో పెట్టుకున్నాడు. అప్పటికి నన్ను వెనక్కి లాగేశారు.

గుండెల మీంచి బియ్యం బస్తా దించినట్టయింది నాకు. ఆయన చూడలేదు. ఏడుస్తూనే నవ్వుతున్న నన్ను చూసి ఝాన్సీ భయపడింది.

పద్ధతి ప్రకారం క్యాసెట్టులో ఏమీ తేలలేదు కాబట్టి అవుట్ అవుటే. ఆసామి ఆ మాటే అనబోతుంటే నాన్న విజిలు మెళ్ళోంచి తీసి చేత్తో పట్టుకుని, అంతమంది ముందూ ముందుకొచ్చాడు.

"నేను చూళ్ళేదండీ," అన్నాడు. "చూడకుండానే చెప్పాను. చూడంది చూసినట్టు చెప్పడం తప్పు. మేడమ్ గారూ, మీరు ఒప్పుకుంటే ఆ కూత మళ్ళీ ఆడిద్దాం."

శకుంతలా మేడమ్ ఒప్పుకుంది. నేను మళ్ళీ కూతకి వెళ్ళాను. మనసంతా తేలికైపోయి, ఆట మీద ధ్యాసే లేక, కోర్టు నట్టనడుమ అందరికీ కనబడేలా దొరికిపోయాను. ఈసారి ఎవరూ రుమాలు వెయ్యలేదు. లడ్డూలు వాళ్ళు తిన్నారు.

ఇంటికి వెళ్ళేటప్పుడు సైకిలు వెనక కూర్చున్నాను. కాలవగట్టు చాలాదూరం వచ్చాక నాన్న వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"ఇంతకీ గీత తాకావా బుజ్జీ?"

"తాకాను నాన్నా."

"తాకే ఉంటావులే," అన్నాడు. నేను ఆయన చొక్కా గట్టిగా పట్టుకున్నాను.

ఇప్పుడా గ్రౌండులో సగం సిమెంటు గదులైపోయింది. కబడ్డీ ఆడిస్తే పరుపుల మీద ఆడిస్తున్నారు. విజయవాడ వన్‌టౌన్‌లో మస్తాన్ గారి స్టూడియో ఉన్నచోట సెల్‌ఫోను కవర్లు అమ్ముతున్నారు. ఆ క్యాసెట్టు మీద ఆయన మరుసటి వారమే ఇంకో పెళ్ళి తీసేశారట. నాన్న పోయి నాలుగేళ్ళయింది.

టీవీలో వాళ్ళు ఒకే ఆట ముక్కని ఆరు వైపుల నుంచి వేసి వేసి చూపిస్తుంటే, నేను మా వాడికి ఇదంతా చెప్పాను.

"అయితే క్యాసెట్టులో నీ చెయ్యే పడలేదు," అన్నాడు వాడు వేళ్ళు మడుస్తూ. "మళ్ళీ ఆడిస్తే దొరికిపోయావు. కప్పు వాళ్ళదే. మరి నీకెందుకమ్మా అంత సంతోషం?"

"మా నాన్న చూడలేదురా," అన్నాను.