నేలమాళిగలో దోసకాయ సీసాలు

శనివారం పొద్దున్నే స్తెఫా నేలమాళిగలోని దోసకాయ ఊరగాయ సీసాలన్నీ పైకి మోసుకొచ్చి వంటింటి నేలమీద పేర్చేది. లేకపోతే మధ్యాహ్నం కింద డ్రమ్ములు మొదలవగానే అరలు అదిరి సీసాలు ఒకదాన్నొకటి గుద్దుకునేవి. పెళ్లయిన కొత్తలో అలాగే కొన్ని పగిలి, ఉప్పునీళ్లు గిటారు పెట్టెలోకి కారాయి. ఆదివారం మళ్లీ అన్నీ కిందికి. మొగుడు జెనోవీ పోయినప్పటి నుంచి ఆ సీసాలు కదల్లేదు. దుమ్ము పట్టాయి.

జెనోవీ వారమంతా కొలొమియా ఊరి బస్సు డిపోలో మెకానిక్కు. శనివారం ఇంటి నేలమాళిగలో ఇద్దరు స్నేహితులతో కలిసి చెక్క పిల్లనగ్రోవి పట్టేవాడు. నెస్తోర్ గిటారు వాయిస్తూ గొంతు చించుకుని అరిచేవాడు, డ్రమ్ములు హ్రిన్‌వి. అడవులూ, తోడేళ్లూ, ఉరుముల దేవుడూ, కొండమీద తాతల సమాధులూ, అవే వాళ్ల పాటలు. మొదటి క్యాసెట్టు ఈ మాళిగలోనే చేశారు. చెవి పెట్టి వింటే మధ్యలో స్తెఫా 'బోర్ష్ సూపు చల్లారిపోతోంది' అని పిలవడం ఇప్పటికీ వినిపిస్తుంది. తరవాత పల్లెటూరి క్లబ్బులు, పాత వ్యానులో పోలండు, ఒకసారి జర్మనీలో బురద మైదానం నిండా జనం. వేదిక ఎక్కేముందు మొహాలకు పూసుకున్న మసి నార చొక్కాలకు అంటితే, ఉతికి వదలగొట్టింది స్తెఫానే. నాలుగో రికార్డు సగంలో ఉండగా జెనోవీ గుండె ఆగిపోయింది.

ఈ శనివారం నెస్తోర్, హ్రిన్ వ్యాను వేసుకొచ్చారు. గుమ్మంలో నిలబడి టోపీలు నలుపుతున్నారు.

"వదినా, డ్రమ్ములు తీసుకెళ్లిపోతాం. నీకు అడ్డం కదా," అన్నాడు నెస్తోర్.

"తీసుకెళ్లి ఎక్కడ వాయిస్తారు?"

"ఇంకెక్కడా వాయించం. కొనేవాడు దొరికాడు."

స్తెఫా చేతిలో గరిటె ఆగింది. శనివారాల నిశ్శబ్దం ఆమెకు అప్పటికే మోయలేనంత అయింది. ఇప్పుడది ఎప్పటికీ ఉండిపోయేలా ఉంది.

"ఇన్నాళ్లూ ఒక్కరూ తొంగి చూడలేదేం?"

"చావు జరిగిన ఇంట్లో ఏడాది దాకా పాట కూడదు కదా," అన్నాడు హ్రిన్, నేల చూస్తూ. "పెద్దల ఆచారం, పెద్దల ఆచారం అని పాటల్లో అరిచే మేమే దాన్ని తప్పితే ఎలా వదినా?"

"మీరు చేసేది పాటని ఎవరు చెప్పారు నాయనా?" స్తెఫా పొయ్యి వైపు తిరిగింది. "అత్తమ్మా, వీళ్లు కింద చేసేది పాటేనా?"

బంగాళాదుంపలు చెక్కుతున్న పరాస్కా తలెత్తలేదు. "పాటా, వీళ్ల మొహమా. పందిని కోస్తున్నారనుకుని పక్కింటాయన రక్తం పట్టుకుందామని గిన్నెతో వచ్చాడోసారి."

నెస్తోర్ ముందు నవ్వాడు, ఆ తరవాత అరచేత్తో మొహం తుడుచుకున్నాడు.

"మరి పిల్లనగ్రోవో?"

"ఆయన ఊదే చోట మీరు ఆగండి. ఆగి, మళ్లీ మొదలుపెట్టండి. ముందు ఈ సీసాలు పైకి చేరేయండి, నా నడుం పనిచెయ్యడం లేదు."

ఇద్దరూ మోశారు. మధ్యాహ్నం వంటింటి నేల అదిరింది. ఒకచోట అంతా ఆగిపోయింది. ఆ కాసేపూ స్తెఫా గరిటె కదపకుండా నిలబడింది. మళ్లీ డ్రమ్ములు మొదలయ్యాయి. సాయంత్రం వ్యాను ఖాళీగానే వెళ్లింది.

ఆదివారం పరాస్కా సీసాల మధ్య కర్ర పోటేసుకుంటూ వచ్చింది. "కిందికి దించవేమే? కాలు పెట్టే చోటు లేదు."

స్తెఫా ఒక సీసా ఎత్తి, వంటగుడ్డతో దుమ్ము తుడిచి, మళ్లీ అక్కడే పెట్టింది.

"మళ్లీ శనివారం పైకి తేవాల్సిందేగా అత్తమ్మా. ఉండనీ."