మూడో చుక్క గురించి అడిగిన సారు

మా ఫిజిక్స్ సారు పోయారు. గోదావరిఖని నుంచి ఫోన్ వచ్చేసరికి నేను పుణెలో, ఆయన చివరగా అడిగినదానికి జవాబు కోసం కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాను.

ఆయన దగ్గర చదివిన మేమంతా బొగ్గుగని కార్మికుల పిల్లలం. కరెంటు పోతే సారు కొవ్వొత్తి వెలిగించి, సోడా సీసా అడుగును మా కళ్లకు అడ్డం పెట్టేవారు. ఒక్క మంట మూడు నాలుగై కనిపించేది. ఆయన సోడా తాగగా మాత్రం మేమెవరం చూడలేదు. ఆకాశంలోనూ ఇలాగే జరుగుతుందనేవారు. గెలాక్సీల గుంపు తన బరువుతో వెనకనుంచి వచ్చే వెలుతురును వంచుతుంది. విశ్వం పసితనంలో పుట్టిన ఏ గెలాక్సీయో, మరీ దూరానిది, పెద్దదై పలుచోట్ల కనిపిస్తుంది. అలాంటివాటిని వెతకడమే ఇప్పుడు నా ఉద్యోగం.

తొందరపడి జవాబు చెబితే సారుకు ఒళ్లు మండేది. ఎందుకో ఒకసారి చెప్పారు. ఆయన చిన్నప్పుడు గనిలో పైకప్పు కూలింది. "అందరు పైకొచ్చిన్రు" అని ఎవరో అంటే వాళ్లమ్మ ఇంటికెళ్లి అన్నం వండింది. కార్మికులు దిగేముందు దీపం తీసుకుని, పైకొచ్చాక అప్పగించే లాంప్ రూంకు ఒక దీపం తిరిగి రాలేదని ఎవరూ చూసుకోలేదు. అది వాళ్ల నాన్నది. "దీపం చేతికొచ్చేదాంక మనిషి వచ్చిండనద్దు" అనేవారు సారు.

సారును పోయేముందు దవాఖానలో చూశాను. మా బృందానికి అప్పటికి టెలిస్కోపు ఫోటోల్లో రెండు వెలుగు చుక్కలు దొరికాయి. రెండూ ఒకే తొలినాటి గెలాక్సీవైతే, లెక్క ప్రకారం మూడోది ఫలానా చోట ఉండి తీరాలి. ఆ చోటు ఫోటో ఇంకా రాలేదు. ఇదంతా సారుకు ఫోన్‌లో చెబుతూనే ఉన్నాను. నేను అమ్మా అని పిలిచే సారు భార్య వరండాలోనే నా చెయ్యి పట్టుకుంది. "దొరికిందను బిడ్డా. ఆయన పాణం నిమ్మళమైతది."

సారు ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపారు. "మూడోది కనవడ్డదా?"

మంచం అవతల నుంచి అమ్మ నన్నే చూస్తోంది. అవునని అనాలనే ఉంది నాకు.

"ఇంకా లేదు సార్."

ఆయన కళ్లు మూసుకున్నారు. "అయితే చూడు," అన్నారు. అమ్మ ఆ తర్వాత నాతో ఒక్క మాటా మాట్లాడలేదు.

సారు పోయిన రోజు సాయంత్రమే ఫోటో వచ్చింది. ఆ చోటును పెద్దది చేశాను. నలుపు. ఎంత పెద్దది చేసినా నలుపే. అంటే మాకు దొరికిన రెండు చుక్కలూ ఒకే గెలాక్సీవి కావు, వేర్వేరువి. చాలాసేపు ఏడ్చాను.

దినకర్మ నాడు వెళ్లాను. అమ్మ గోడకానుకుని చాప మీద కూర్చుని ఉంది. తలెత్తకుండానే అడిగింది.

"దొరికిందా?"

"లేదమ్మా. మేమనుకున్నది కాదది."

ఆమె అప్పుడు తలెత్తింది. "ఆనాడు నువ్వు అవునంటే, అవద్దం చెప్పి సాగదోలేటోళ్లం గద ఆయనను," అంది మెల్లగా. కొంగు సర్దుకుని, చాప మీద నాకు చోటిస్తూ కాస్త పక్కకు జరిగింది.