బాపు ఫోనులో విరహగీతం

ఇప్పుడు చెప్పబోయేది ఒక ఘోరం. ఒక పాట మీద కోపంతో నా పెళ్లిని నేనే చేజేతులా చెడగొట్టుకోబోయిన వైనం. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ చివరిదాకా విన్నాక కూడా మీకు ఒళ్లు మండలేదంటే, మీకు ఆ ఫోన్ కంపెనీలో వాటా ఉందని అర్థం.

అప్పుడు నేను పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సూపర్‌వైజర్‌ని. మా ఊరు హత్నూర దగ్గర. గుమ్మడిదలలో ఉండే మా మేనత్త ఒక సంబంధం చూసింది. అమ్మాయి స్వరూప. చాయ్ కప్పు నా చేతికి అందకముందే నచ్చేసింది. వాళ్ల నాన్న అంజయ్య మంచివాడే గానీ, శకునం చూడకుండా చెప్పు కూడా వేసుకోడు.

"వచ్చే శుక్రారం పొద్దుగాల మంచి గడియ ఉన్నది. గప్పుడు మీకు ఫోన్ చేసి మా మాట చెప్తం. మొదటి మాట మంచి గడియల పడాలె" అన్నాడు. మా ఇంటికి నంబరంటే బాపు నంబరే, అంటే మా నాన్నదే. అదే ఇచ్చి వచ్చాం.

రెండు రోజులకు పాలకేంద్రం దగ్గర జనం బాపును చూసి ముసిముసిగా నవ్వడం మొదలుపెట్టారు. ఏంటా అని నా ఫోన్ నుంచి బాపుకు చేశాను. చేస్తే ఏముంది! రింగు బదులు ఒక ఆడమనిషి ప్రియుడి కోసం వెక్కివెక్కి ఏడుస్తూ పాడుతోంది. మా బాపు! తలపాగా తీయకుండా నిద్రపోయే మనిషి! ఆయన ఫోనులో విరహగీతం!

కస్టమర్ కేర్ వాళ్లను పట్టుకున్నాను.

"పాట మీరే కోరుకున్నారు సార్. స్టార్ నొక్కారు."

"మా బాపు పుట్టినకాడికెల్లి పచ్చ బటన్ తప్ప ఇంకో బటన్ నొక్కలే! ఎవరిని అడిగి పెట్టిండ్రు?"

"మీ సమస్యను నమోదు చేసుకున్నాం. ఇంకేమైనా సహాయం కావాలా సార్?"

ఇంకేమైనానట! మొదటి సహాయం ఎక్కడ చేశారని? శుక్రవారం నాడు అంజయ్య గారు పసుపు బొట్టు పెట్టుకుని మంచి గడియలో ఫోన్ చేస్తే ఆ ఏడుపు వినాలా? ఆ క్షణమే యుద్ధం ప్రకటించాను. నంబర్ మారకుండా కంపెనీ మారొచ్చు కదా! పోటీ పెరిగితే వినియోగదారుడే రాజు అని పేపర్లో చదివాను మరి. పేపర్లో రాసేవాళ్లకేం, వాళ్ల ఇళ్లలో సిగ్నల్ ఉంటుంది.

బాపును బండెక్కించుకుని ముత్తంగి చౌరస్తాకు తీసుకుపోయాను. ఆ రోజుల్లో అక్కడ వాన లేకపోయినా గొడుగులే గొడుగులు. ఒక్కో రంగు ఒక్కో కంపెనీ. పచ్చ గొడుగు కింద కూర్చున్న మనిషి మమ్మల్ని అల్లుళ్లలా ఆదరించాడు.

"పాట గీట రాదుగా?" అడిగాను.

"ఛ, మాది ఇజ్జత్ ఉన్న కంపెనీ అన్నా."

"మా ఊర్ల సిగ్నల్ ఉంటదా?"

"అడవిల గూడ ఉంటదన్నా. సూడు, ఫుల్!" అని తన ఫోన్ చూపించాడు. నిజంగానే గీతలన్నీ నిండుగా ఉన్నాయి. చూస్తున్నది ముత్తంగిలో, ఉండేది హత్నూర దగ్గర అన్న ఇంగితం నాకు రావాలా వద్దా? రాలేదు.

"నంబర్ గదే ఉంటదిరా? గుమ్మడిదలోళ్ల ఫోన్ అస్తది" అన్నాడు బాపు, వేలిముద్ర వేస్తూ.

"గదే ఉంటది బాపూ. నువ్ పరేషాన్ కాకు."

గురువారం సాయంత్రం పాత సిమ్ము చచ్చింది. కొత్త సిమ్ము వేశాను. సర్వీస్ లేదు. వాకిట్లో లేదు, పెరట్లో లేదు, బర్రెల కొట్టంలో లేదు. డాబా మీది నీళ్ల ట్యాంకు ఎక్కి, తూర్పు తిరిగి, చెయ్యి పైకెత్తితే ఒకే ఒక్క గీత వచ్చింది. నా నంబరిద్దామంటే, ఇచ్చిన నంబరు మార్చడమే అంజయ్య గారికి అపశకునం. తిరిగి పాత కంపెనీకి పోదామంటే మూడు నెలల దాకా కదలకూడదట. రాజునే, కాదనను. సింహాసనం మాత్రం నీళ్ల ట్యాంకు మీద!

శుక్రవారం తెల్లారకముందే బాపు ట్యాంకు ఎక్కాడు.

"గదేంది, కాకి లెక్క గా ట్యాంక్ మీద కూసున్నవ్? దిగి చాయ్ తాగరాదు!" అంది అమ్మ.

"దిగితే గీత పోతదే!"

ఎండ నెత్తికెక్కింది. ఫోన్ మోగలేదు. మధ్యాహ్నానికి ఆటోలో మేనత్త దిగింది. దిగడమే తిట్లతో దిగింది.

"నీ ఫోన్ల మన్నువడ! అంజయ్య మంచి గడియల మూడుసార్లు చేసిండు. మూడుసార్లు గూడ అందుబాటుల లేరనే అన్నదట. మొదట్లనే అపశకునమైంది, ఈ సంబంధం ఒద్దంటుండు!"

స్వరూప చేతి చాయ్ ఇక ఈ జన్మకు లేదనుకున్నాను. బాపును, అత్తను తీసుకుని అప్పటికప్పుడు గుమ్మడిదల పోయాను.

"ఫోనే కలుస్తలేదు, మనసులేం కలుస్తయ్?" అన్నాడు అంజయ్య గారు, కుర్చీ కూడా చూపించకుండా.

నేను ఊరుకోవాలి కదా! కంపెనీల మోసం, పాటల దోపిడీ, గొడుగుల కుట్ర, అన్నీ ఏకరువు పెట్టాను. అరిచి అరిచి గొంతు పోయింది. లోపలి నుంచి స్వరూప వచ్చింది.

"సిమ్ము తీసుకునే ముందట, గా కంపెనీ సిగ్నల్ అస్తదా అని మీ ఊరోళ్లను ఎవరినన్న అడిగిండ్రా?"

"... లేదు."

"మరి కంపెనీని ఎందుకు తిడుతుండ్రు?" నవ్వు ఆపుకుంటూ వాళ్ల నాన్న వైపు తిరిగింది. "నాయినా, అమాస లోపట ఇంకో గడియ సూడు. గీళ్లను సిగ్నల్ ఉన్నకాడ నిలవడమను."

అంజయ్య గారు చాలాసేపు గొణిగి, క్యాలెండర్ తిరగేసి, బుధవారం పొద్దున్న ఒప్పుకున్నాడు.

బుధవారం నేను, బాపు, అమ్మ, మేనత్త, అందరం పట్టుబట్టలు కట్టుకుని ముత్తంగి చౌరస్తాలో పచ్చ గొడుగు కింద నిలబడ్డాం. లారీల దుమ్ము మా నెత్తిన అక్షింతల్లా పడుతోంది. గొడుగాయన సిమ్ముల కోసం వచ్చిన జనాన్ని "జెర ఆగుండ్రి, పెండ్లి మాట అస్తుంది!" అని ఆపేశాడు. ఫోన్ మోగింది.

"బావా, మాకు ఇష్టమే!"

బాపు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకైతే గొడుగాయన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది. ఆయన మాత్రం జనం వైపు తిరిగి, "సూషిండ్రా మా నెట్‌వర్క్!" అని సిమ్ములు అమ్ముకున్నాడు.

ఇక్కడితో అయిపోతే నాకింత కడుపుమంట ఎందుకు? పెళ్లినాడు పొద్దున్నే బాపు ఫోనుకు మెసేజ్ వచ్చింది. పచ్చ గొడుగు కంపెనీ, మేం తిట్టి వదిలేసిన పాత కంపెనీ ఒక్కటైపోయాయట. మా కుటుంబంలోకి మళ్లీ స్వాగతం అట! నా పెళ్లికి అందరినీ అడిగాం, పంతులుతో సహా. వాళ్ల పెళ్లికి నన్ను ఒక్కమాట అడిగారా?

మేం ఊరేగింపుగా మండపం చేరేసరికి అంజయ్య గారు గుమ్మంలోనే బాపును పక్కకు లాగాడు. ముఖం వాడిపోయి ఉంది.

"బావా, ఏడికొచ్చిండ్రో అని ఫోన్ చేసిన. తప్పుగ అనుకోకు... నీ ఫోన్ల గంతగనం ఏడుస్తున్న గా ఆడామె ఎవరు?"

అందుకే, అగ్ని సాక్షిగా స్వరూపకు చేసిన ప్రమాణాలకు ఇంకొకటి కలిపాను: ఈ దేశంలో ఎన్ని కంపెనీలు పుట్టినా, కలిసినా, విడిపోయినా, మా బాపు ఫోను జోలికి ఈ జన్మలో పోను. ఆమె ఏడిస్తే ఏడవనీ.