కాడ మీది లత

ఉదయగిరిలో ఉండే దివ్యశ్రీ ఎడమ బొటనవేలి మీద ఎప్పుడూ ఒక కత్తిగాటు పచ్చిగానే ఉంటుంది. ఇంటర్ పుస్తకాలు ముందేసుకుని కూడా, పక్కింటి గౌసియాబీ దగ్గర నేర్చుకున్న చెక్క స్పూన్లే చెక్కేది. ఎవరేం అడిగినా "నీ ఇష్టంలే" అనడం దాని అలవాటు. తనకు విజయవాడలో డిజైన్ కోర్సులో సీటొస్తే, స్నేహితురాలు లిఖిత "ఇద్దరం నెల్లూరులోనే ఇంజనీరింగ్ చేద్దామే, ఒకే రూము" అంది. ఆ మాటకే దివ్యశ్రీ పోయిన వారం ఆ సీటు వదిలేసింది.

నిన్న, నెల్లూరు హాస్టల్ గదికని కాడల మీద లతలు చెక్కిన రెండు స్పూన్లు తీసుకుని ఆత్మకూరు వెళ్లింది. లిఖిత వాళ్ల వరండాలో కొత్త సూట్‌కేసు సర్ది ఉంది.

"రేపు చెన్నై పోతా ఉండాది. నీకు చెప్పలా?" అంది వాళ్లమ్మ.

లిఖిత తలెత్తలేదు. "నెల కిందటే సీటొచ్చింది. నాయన పంపిస్తాడో లేదోనని చెప్పలా." తర్వాత ఒక స్పూను తిప్పి చూసి, "బాగుండాది గానీ, హాస్టల్లో స్టీలువే ఇస్తారంట" అని తిరిగి చేతిలో పెట్టింది.

"నీ ఇష్టంలే" అంది దివ్యశ్రీ.

ఇంటికొచ్చాక అమ్మ, "లిఖిత ఏమనింది?" అని అడిగింది.

"బాగుండాయనింది."

అని, సంచిలోంచి ఒక స్పూను తీసి, పొయ్యి మీద మరుగుతున్న పులుసులో కాడ మీది లత మునిగేదాకా ముంచి కలపసాగింది.