చక్రాలకి పేరుకున్న కొబ్బరినూనె

నా చిన్నప్పుడు నేను భయపడనిది ఏదైనా ఉందా అంటే వెతుక్కోవాలి. మొన్న మా మనవరాలు ఫోనులో వీడియో చూసి చెక్క కారు చేస్తుంటే, ఆ భయాల్లో ఒకటి మళ్లీ లేచింది. క్రిస్మస్ సెలవుల్లో ఒక చలి పొద్దున్న, రాజోలు దగ్గర ఏటిగట్టు మీద, తువ్వాలు కింద అలాంటి కారునే దాచుకుని నిలబడ్డ భయం అది.

మా ఊళ్లో నేలంతా అరచేతిలా చదును. బొమ్మ కారు దొర్లించడానికి వాలు కావాలంటే ఏటిగట్టే దిక్కు. ఆ గట్టు మీద పడవలు కట్టే తాతయ్య ఒకాయన ఉండేవారు. చుట్టరికం లేకపోయినా ఊరి పిల్లలందరికీ ఆయన తాతయ్యే. ఏటా సెలవులివ్వగానే మిగిలిన చెక్కముక్కలు మాకు పంచి, ఎవరి కారు వాళ్లే చేసుకోమనేవారు. పాత హవాయి చెప్పులు గుండ్రంగా కోస్తే చక్రాలు, సైకిలు చువ్వ ముక్కలు ఇరుసులు. గట్టు మీంచి కిందికి పొడవాటి పడవ చెక్కలు వాలుగా పరిచి పందెం పెట్టేవారు.

ఆ ఏడు పక్కింటి అక్క మూడు వారాలు కూర్చుని కారు చెక్కింది. వేళ్లనిండా గాట్లే. అక్కకి పద్నాలుగేళ్లు, నాకు పది. గరుకు కాగితంతో రుద్దే పని నాకిచ్చింది, దానికే మురిసి ముక్కలైపోయాను. వాళ్లింట్లో చిన్నపిల్లలు పీకి పాకం పెడతారని, పందెం ముందు సాయంత్రం కారు నా చేతికిచ్చి, "ఒసేయ్, దీన్నేం కదపకు. ఎలా ఇచ్చానో అలాగే తీసుకురా" అంది.

నేను ఊరుకుంటానా! తలుపు కిర్రుమన్నా, వేలు కాలినా మా కోనసీమలో కొబ్బరినూనే మందు. కారు ఇంకా జోరుగా పోతే అక్క సంబరపడుతుందని నాలుగు చక్రాల దగ్గరా ధారగా పోశాను. చలికి నూనె పేరుకుందని అమ్మ రోజూ సీసా ఎండలో పెట్టడం చూస్తూనే ఉన్నా, నా మట్టిబుర్రకి తట్టలేదు. తెల్లారి చూద్దును కదా, ఇరుసుల చుట్టూ తెల్లగా గడ్డకట్టి ఉంది. తోస్తే ఒక్క చక్రమూ తిరగలేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

గట్టుకి వెళ్లే దారంతా అబద్ధాలు అల్లుకున్నాను. తమ్ముడు పోశాడందామా, మంచుకి బిగిసిందందామా. పందెం పోతుందని కాదు నా బెంగ. ఇంక అక్క నన్ను దగ్గరికి రానివ్వదు, ఏదీ నమ్మి నా చేతికివ్వదు. అదీ నా ఏడుపు.

అక్క అప్పటికే గట్టు కింద చెక్కలు సర్దుతోంది. తాతయ్య నా మొహం చూశారు, తువ్వాలు చూశారు. కారు బయటికి తీసి బొటనవేలితో చక్రం నొక్కి చూసి, మళ్లీ నా చేతిలో పెట్టేశారు. తరవాత అందరి వైపూ తిరిగి, "ఈ ఏడు తనిఖీ ఉందండోయ్. కార్లన్నీ ఎండలో బోర్లా పెట్టండి" అన్నారు. ఆ తనిఖీ అంతకుముందు ఎన్నడూ లేదు. ఒక్కో కారూ ఎత్తడం, కళ్లద్దాలు తుడుచుకోవడం, చేసినవాళ్లని కబుర్లడగడం. "ఇంకెంతసేపండీ తాతయ్యగారూ" అని మగపిల్లలు ఒకటే గోల. "ఆయ్, అయిపోవచ్చిందండి" అంటారే గాని ఆయన కదలరు. నాకేమో ముచ్చెమటలు పోస్తున్నాయి.

చివరికి మా కారు దగ్గరికొచ్చి చక్రం తిప్పితే గిర్రున తిరిగింది. ఆయన వంగి, నాకొక్కదానికే వినపడేలా, "నూనె సంగతి ఎండ చూసుకుందమ్మా. మిగతాది నువ్వు చూసుకోవాలి" అన్నారు.

చెప్పకపోయినా గడిచిపోయేదే. అందుకే అక్క వెనకాలే తచ్చాడుతూ ఉండిపోయాను. మా పేరు పిలిచే వేళకి ఇంక ఆగలేక, అక్క ఓణీ పట్టుకుని ఒక్క గుక్కలో అంతా చెప్పేశాను. అక్క మొహం జేవురించింది. "నీ దుంప తెగ! కదపొద్దన్నానా లేదా?" అని నెత్తిన ఒక్కటిచ్చి, గబగబా కూలబడి ఓణీ చెంగుతో ఇరుసులు తుడవడం మొదలెట్టింది. "ఈ జిడ్డుకి దుమ్ము పట్టేసి సగంలో ఆగిపోయేది కదే!" అంది. చెప్పకుండా ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటూ నేనూ తువ్వాలుతో రెండోవైపు తుడిచాను.

కారు మూడోదిగా వచ్చింది. ఇంటిదాకా అక్క నాకు నాలుగడుగులు ముందే నడిచింది. మా గుమ్మం దగ్గర ఆగి, కారు నా చేతుల్లో పెట్టి, "రేపు మళ్లీ పందెం ఉందిట. నీ దగ్గరే ఉంచు" అని విసురుగా వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడి భోరుమన్నాను.

పెద్దయ్యాక చాలా ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పాను. గ్లోబు పగలగొట్టో, సిరా ఒలకబోసో బల్ల ముందు తచ్చాడే పిల్లల మొహాలు చూడగానే నాకు సంగతి తెలిసిపోయేది. అడిగేదాన్ని కాదు. బడి గంట కొట్టాక కూడా ఏదో పని కల్పించుకుని పుస్తకాలు సర్దుతూ ఉండేదాన్ని. చాలామంది దగ్గరికొచ్చి చెప్పేసేవారు. చెప్పలేనివాళ్ల కోసం ఇంకాసేపు కూర్చునేదాన్ని.